రోబో కథలు మన తాండా పిల్లోళ్ళకు ఏంటికి అనే అన్నలకు

కొంచెం పొడుగు రాస్తాన్నాం, తీరిక ఉన్నప్పుడు చదవండి.

ఆలూరు చుట్టుపక్కల తాండాల్లో చిన్న పిల్లోళ్ళకు ఒక పుస్తకాల అర పెట్టాలని మనం అనుకున్నాం కదా. చందా కొంత పోగైంది. ఎక్కువేం కాదు, ఒక అట్టపెట్టె నిండితే గొప్ప. ఏ పుస్తకాలు కొనాలన్న కాడ ఆగిపోయింది పని. హాస్టల్లో ఉండే మేము కొందరం కూర్చొని ఒక జాబితా రాసినాం. ఒకటీ రెండు తరగతుల పిల్లోళ్ళ కోసం రాసిన దాంట్లో బొమ్మల కథలే ఎక్కువ. వాటిలో ఒక పిల్లోడో పిల్లో రోబోతో దోస్తీ చేసే కథలు నాలుగైదు ఉన్నాయి. ఆ నాలుగైదు మీదే గొడవంతా.

పెద్దన్నలు కొందరు అన్నారు: జపాన్ రోబో, అమెరికా రోబో మన పిల్లోళ్ళకు ఏంటికప్పా, మన సేవాలాల్ కథ లేదు, మన ఎద్దుల కథ లేదు, మళ్ళీ వేరేవాళ్ళ బొమ్మలేనా అని. ఇంకొకరు అన్నారు: ముందు అక్షరాలు రానీండి, రోబోలు తర్వాత చూస్తాం అని. మొదటి మాటలో సగం నిజం ఉంది, దాన్ని పట్టుకొని చాలాసేపు మాట్లాడాల. రెండో మాట తేలిక కాబట్టి దాంతోనే మొదలుపెడతాం.

అక్షరాలు ముందు, కథలు తర్వాత అనేది మన అందరి మీదా చేసి చూసిన పద్ధతే. మనం బడికి పోయిన మొదటి రోజు పలక మీద ఏం రాయించినారు? అ అంటే అమ్మ, ఇ అంటే ఇల్లు. ఇంట్లో మనం అమ్మను యాడి అంటాం. ఇల్లు అనం, ఘర్ అంటాం. అ కింద అమ్మ బొమ్మ చూసి "యాడి" అని గట్టిగా చెప్పిన పిల్లోడికి తప్పు అని చెప్తే, ఆ పిల్లోడు ఏం నేర్చుకున్నట్టు? అక్షరం నేర్చుకోలేదు. నోరు మూసుకోవడం నేర్చుకున్నాడు. మాలో చాలామంది మూడో తరగతి దాకా బడిలో గట్టిగా మాట్లాడింది లేదు. సార్లు మంచోళ్ళే, కొట్టిందీ లేదు. వాళ్ళకు మన బోలీ రాదు, మనకు వాళ్ళ తెలుగు రాదు, అంతే. ఎరుకల తమ్ముళ్ళు కుర్రు భాషతో ఇదే పడినారని చెప్తారు. ఆలూరు సంతకు పోతే మళ్ళీ కన్నడం. ఆరేళ్ళ పిల్లోడికి మూడు భాషలు చెవిలో పడతాంటే, పుస్తకంలో ఉండేది మాత్రం నాలుగోదిలా ఉంటుంది. ఎందుకంటే పుస్తకంలో తెలుగు మన పక్కూరి తెలుగు కూడా కాదు.

ప్రభుత్వానికి ఇది తెలియక కాదు. 2004లోనే ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల చదువు మొదలుపెట్టినారు. సవర, కొండ, కువి, కోయ, ఆదివాసీ ఒరియా, గోండి, కొలామీతో పాటు మన బంజారా కూడా ఆ ఎనిమిదిలో ఉంది. 2021లో నిపుణ్ భారత్ అని కేంద్రం పెట్టిన కార్యక్రమం, 2026-27 కల్లా మూడో తరగతి దాటే ప్రతి పిల్లకూ అర్థం చేసుకుంటూ చదవడం రావాలని లక్ష్యం పెట్టుకుంది. లక్ష్యాలు సరే. అర్థం చేసుకుంటూ చదవాలంటే అర్థం ఉండే పుస్తకం చేతిలో ఉండాల కదా.

ఇంక రోబో దగ్గరికి వస్తాం.

రోబో దోస్తీ కథల్లో ఎక్కువ భాగం ఒకే తీరుగా నడుస్తాయి. రోబో యాడ్నుంచో వచ్చి పడుతుంది. దానికి ఈడి సంగతి ఏమీ తెలియదు. చెట్టు చూపించి ఇదేమి అంటుంది, పిల్లి చూపించి ఇదేమి అంటుంది. సగం సగం మాటలు మాట్లాడుతుంది, ఒకటి చెప్తే ఇంకోటి చేస్తుంది. పిల్లోడు దానికి నేర్పుతాడు. అంటే ఆ కథలో తెలియనోడు రోబో, తెలిసినోడు పిల్లోడు. మన పిల్లోళ్ళకు బడిలో ఎప్పుడూ దొరకని కుర్చీ అది. తరగతిలో తెలియనోడు ఎప్పుడూ వాడే. పుస్తకం తెరిస్తే ఒక్కసారిగా వాడికంటే తెలియనిది ఒకటి ఉంది, అది తప్పు తెలుగు మాట్లాడుతుంది, దాన్ని ఎవరూ ఎగతాళి చేయరు, దోస్తు దానికి ఓపిగ్గా చెప్తాడు. ఇంకో సంగతి కూడా ఉంది. రోబో మాటలు పొట్టిగా ఉంటాయి, ఒకే మాట పదిసార్లు వస్తుంది. కొత్తగా చదివేవాళ్ళకు కావాల్సింది సరిగ్గా అదే. "ఇదేమి? ఇది రాయి. ఇదేమి? ఇది కోడి." పాఠ్యపుస్తకంలో అదే మాట పదిసార్లు వస్తే విసుగు పుడుతుంది, రోబో అంటే నవ్వొస్తుంది.

బొమ్మల కథ కావడం కూడా ముఖ్యమే. బుడగలో మాట ఎవరిదో తోక చూస్తే తెలిసిపోతుంది. "అని రాము వినయముగా పలికెను" అనే బరువు ఉండదు. బుడగలో ఉండేది నోటి మాట. ఒక గడి నుంచి ఇంకో గడికి పోయేటప్పుడు మధ్యలో ఏం జరిగిందో పిల్లోడే ఊహించుకోవాల. అట్ల ఊహించుకోవడం కూడా చదవడమే, అక్షరం రాకముందే వచ్చే చదువు అది. అసలు మాటల్లేని బొమ్మల కథైతే పిల్లోళ్ళు మొదట మన బోలీలో చెప్తారు, తర్వాత తెలుగులో చెప్తారు. సార్‌కు బోలీ రాకపోయినా పని ఆగదు, బొమ్మ ఇద్దరి ముందూ ఉంటుంది.

ఈ సంగతి బాగా తెలిసినోళ్ళు జపానోళ్ళు. డోరేమాన్ మన పిల్లోళ్ళందరికీ టీవీలో, ఫోన్లో తెలుసు. నీలం రంగు పిల్లి రోబో, చెవులు లేవు, ఎలుకంటే భయం, పొట్ట మీద సంచిలోంచి ఏదడిగితే అది తీస్తుంది. అది టీవీ కోసం పుట్టింది కాదు. ఫుజికో ఎఫ్. ఫుజియో అనే ఆయన గీసిన బొమ్మల కథ అది. 1970 జనవరి సంచికలుగా 1969 డిసెంబరులో షోగకుకాన్ అనే ప్రచురణ సంస్థ తెచ్చే ఆరు పిల్లల పత్రికల్లో ఒకేసారి మొదలైంది. ఆ ఆరు పత్రికలు ఎవరివో చూడండి: రెండు బడికి పోని చిన్న పిల్లలవి, మిగతా నాలుగు ఒకటో తరగతి, రెండో తరగతి, మూడో తరగతి, నాలుగో తరగతి పిల్లలవి. తరగతికొక పత్రిక. చిన్నోళ్ళకు ఒక తీరు, నాలుగో తరగతోళ్ళకు ఇంకో తీరు. ఒకే రోబో, ఒకే నోబితా, చదివేవాడి వయసును బట్టి కథ. మన కాడ ఒకటో తరగతి పిల్లోడికి, ఐదో తరగతి పిల్లకు ఒకే పుస్తకం ఇచ్చి చదవండి అంటాం. చదవకపోతే చదువు మీద ఇష్టం లేదంటాం.

ఇంకో ముచ్చట. 1974 మార్చిలో మూడో తరగతి పత్రికలో డోరేమాన్ వెళ్ళిపోయే కథ వేసినారు. డోరేమాన్ తిరిగి తన కాలానికి పోవాల. తాను లేకపోతే నోబితాను అందరూ కొడతారని దానికి బెంగ. అప్పుడు నోబితా రాత్రిపూట ఒక్కడే ఆ మొండి పిల్లోడు జియాన్‌తో తలపడతాడు, దెబ్బలు తింటాడు, వదలడు. నేను ఒక్కన్నే నెగ్గుకొస్తాను, నువ్వు నిమ్మళంగా పో అని చెప్పడానికి. జపాన్‌లో బడి సంవత్సరం మార్చితో ముగుస్తుంది. ఆ కథ చదివిన మూడో తరగతి పిల్లలు ఏప్రిల్‌లో నాలుగో తరగతికి పోయి కొత్త పత్రిక తెరిస్తే, డోరేమాన్ తిరిగొచ్చిన కథ ఉంది. ఇది తెలిసినప్పుడు మేము హాస్టల్లో కాసేపు ఏం మాట్లాడలేదు. ఎందుకో మన వాళ్ళకు వేరే చెప్పాల్సిన పని లేదు. మన తాండాల్లో దోస్తులు పోయేదీ వచ్చేదీ ఒక లెక్క ప్రకారమే.

సుగ్గి. దీపావళి దాటితే మొదలవుతుంది. ఈడ వాన లేదు, పంట లేదు, గుంటూరు దిక్కు పత్తి ఉంది, ఆ తర్వాత మిరపకోత ఉంది. లారీలో, ఆటోలో సామాను కట్టుకొని పోతారు, ఉగాదికి వస్తారు, కొందరు ఉగాది దాటినా రారు. పిల్లోళ్ళను సీజనల్ హాస్టల్లో పెట్టి పోయేవాళ్ళు కొందరు, అవ్వ కాడ వదిలేవాళ్ళు కొందరు, వెంట తీసుకపోయేవాళ్ళు ఎక్కువ. రెండో తరగతిలో నవంబరు దాకా నీ పక్కన కూర్చున్న పిల్ల ఒక సోమవారం రాదు. ఎవరూ ఏం చెప్పరు. చెప్పడానికేముంది, అందరికీ తెలిసిందే. ఏప్రిల్‌లో వస్తే ఆ పిల్లకు పాఠాలు పోయుంటాయి, నీకు వేరే దోస్తు దొరికుంటుంది. దీని మీద మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క కథ చూపించండి.

కథ మాకు రోబోల్లో దొరికింది. సారా వారన్ అనే అమెరికా ఆమె గీసిన "రోబోట్ డ్రీమ్స్", 2007లో వచ్చింది. మాటలు దాదాపు లేవు. ఒక కుక్క, పోస్టులో తెప్పించుకొని బిగించుకున్న రోబో, ఇద్దరూ దోస్తులు. సముద్రానికి పోతారు, నీళ్ళలో దిగుతారు, రోబో తుప్పు పట్టి ఇసుకలో కదల్లేక పడిపోతుంది. కుక్కకు ఏం చేయాలో తెలియక వదిలేసి పోతుంది. మళ్ళీ వస్తే ఆ సముద్రతీరం మూసేసి ఉంటుంది. నెలలు గడుస్తాయి. రోబో పడుకొని కలలు కంటాంటుంది, కుక్క వేరే దోస్తుల కోసం తిరుగుతాంటుంది. రోబో చివరికి ముక్కలై పాత ఇనుము కాడికి చేరితే, వేరే ఎవరో దాన్ని కొత్తగా బిగించుకుంటారు. ఇద్దరూ మళ్ళీ కలవరు. కథలో చెడ్డోడు ఎవరూ లేరు. 2023లో పాబ్లో బెర్గెర్ దాన్ని సినిమా తీసినాడు, ఆస్కార్ పోటీ దాకా పోయింది.

ఆ పుస్తకం ఒకటి ఒక అక్క దయ వల్ల మా చేతికొచ్చింది. ఎండాకాలం సెలవుల్లో ఒక తాండాలో వేపచెట్టు కింద పదిమంది పిల్లోళ్ళకు బొమ్మలు చూపిస్తా పోయినాం. చదివి వినిపించేదేమీ లేదు కాబట్టి వాళ్ళే చెప్పినారు, బోలీలో, ఒకరి మీద ఒకరు పడి. రోబో ఇసుకలో పడే కాడ ఒక పిల్ల, రెండో తరగతి, అడిగింది: దానికి యాడి లేదా అని. లేదన్నాం. అయితే ఎవరొచ్చి తీసుకపోతారు అని అడిగింది. కాసేపటికి మూడో తరగతి పిల్లోడు ఒకడు ఇంకో మాట అన్నాడు: దీన్ని మిరపకాయలు కోసేకి పంపిస్తే మా యాడి ఇంటికాడే ఉంటాది కదా.

రోబో కథలు మన పిల్లోళ్ళకు దూరం అనే అన్నలకు మా జవాబులో ముక్కాలు వంతు ఈ మాటే. వాడికి రోబో ఆకాశంలో లేదు, గుంటూరు చేలో ఉంది.

కానీ వాడి మాట మమ్మల్ని వేరే దిక్కు కూడా తిప్పింది. రోబో అనే మాట యాడిదో తెలుసా? చెక్ భాషది. కారెల్ చాపెక్ అనే రచయిత 1920లో ఆర్.యు.ఆర్. అనే నాటకం రాసినాడు, ఫ్యాక్టరీలో తయారుచేసిన మనుషుల గురించి. వాళ్ళకు ఏం పేరు పెట్టాలా అంటే వాళ్ళన్న యోసెఫ్ రోబోట్ అని చెప్పినాడు. రోబోటా అంటే దొర కోసం రైతులు కూలి లేకుండా చేసి తీరాల్సిన పని. మన మాటలో చెప్పాలంటే వెట్టి. రోబో అంటే వెట్టివాడు. ఆ నాటకంలో వాళ్ళు చివరికి తిరగబడతారు. పిల్లల కథల్లోకి వచ్చేసరికి వెట్టివాడు దోస్తు అయినాడు.

అందుకే అన్ని రోబో కథలూ మంచివని మేము అనడం లేదు. ఏదడిగితే అది చేసిపెట్టే దోస్తు, హోంవర్కు రాసిపెట్టే దోస్తు, అలసిపోని దోస్తు, తనకంటూ ఏమీ అడగని దోస్తు. ఇట్లాంటి కథలు పట్నం పిల్లోళ్ళకు ముద్దుగానే ఉంటాయేమో. మన ఇండ్లల్లో అట్లాంటి మనిషి నిజంగానే ఉంటుంది. పెద్దక్క. సుగ్గిలో యాడి, బా చేలోకి పోతే గుడారం కాడ చిన్నోళ్ళను ఎత్తుకొని, నీళ్ళు తెచ్చి, బాటి కాల్చి పెట్టేది పదేళ్ళ పెద్దక్క. మేము ఈరోజు డిగ్రీ చదువుతున్నామంటే మాలో సగం మంది వెనక చదువు మానిన ఒక అక్క ఉంది. ఆ అక్కను రోబో చేసి, దోస్తు అని పేరు పెట్టి, కథ రాస్తే మన పిల్లోళ్ళు దాన్ని చదివి ఏం నేర్చుకోవాల?

డోరేమాన్‌లో కూడా ఈ ఇబ్బంది ఉంది, కాదనలేం. నోబితా ఏడుస్తాడు, డోరేమాన్ సంచిలోంచి తీస్తుంది. అయినా ఆ కథను నిలబెట్టింది ఏమంటే, తీసిన ప్రతి వస్తువూ నోబితా అత్యాశకు పోయి చెడగొట్టుకుంటాడు. డోరేమాన్‌కు కోపం వస్తుంది, అలుగుతుంది, ఎలుక కనిపిస్తే పరుగెత్తుతుంది. దానికీ ఒక బతుకు ఉంది.

మన ఇండ్లల్లో రోబో అంటే ఇంకొకటి గుర్తొస్తుంది, చిట్టి. 2010లో రజనీకాంత్ సినిమా "రోబో" తెలుగులో వచ్చినాక తాండాలో ఇనుప బొమ్మ ఏది కనిపించినా చిట్టే. ఆ సినిమాలో చిట్టిని తయారుచేసింది సైన్యానికి ఇచ్చేకి. దానికి మనసు పుట్టినప్పుడే అందరికీ కష్టం వచ్చింది. చివరికి దాన్ని విప్పేసినారు. పెద్దోళ్ళ సినిమా కాబట్టి అట్లే ఉంటుంది. మూడో తరగతి లోపు పిల్లోళ్ళకు మాత్రం రోబోను విప్పి పారేసే కథ వద్దు అని మాలో ఎక్కువమంది అభిప్రాయం. ఒకరిద్దరు ఒప్పుకోలేదు, పిల్లోళ్ళు గట్టోళ్ళే అంటారు.

కాబట్టి జాబితా చేసేటప్పుడు మేము ఒకటే చూసినాం. ఈ కథలో పిల్లోడు రోబో కోసం ఏం చేస్తున్నాడు? తుప్పు తుడిచినాడా, జారిన మేకు బిగించినాడా, చీకట్లో దాని కాడ కూర్చున్నాడా? రోబో ఏదన్నా వద్దు అనగలదా? ఈ రెండిట్లో ఒకటైనా ఉంటే తీసుకున్నాం, లేకుంటే పక్కన పెట్టినాం. ఆ లెక్కన బెన్ హాట్కే గీసిన "లిటిల్ రోబోట్" మాకు బాగా నచ్చింది. 2015లో వచ్చిన పుస్తకం, 2016లో చిన్న పిల్లల విభాగంలో ఐస్నర్ బహుమతి వచ్చింది. బొమ్మల కథలకు అమెరికాలో పెద్ద బహుమతి అది. అందులో ఉండేది గొప్పింటి పిల్ల కాదు. ఒంటరిగా తిరిగే చిన్న పిల్ల, పనిముట్లు పట్టడం తెలిసిన పిల్ల. తప్పిపోయిన చిన్న రోబో దొరికితే దాన్ని నడిపిస్తుంది, మాట్లాడిస్తుంది. ఫ్యాక్టరీ నుంచి ఒక పెద్ద రోబో దాన్ని వెతుక్కుంటా వస్తే అడ్డం నిలబడుతుంది. మాటలు చాలా తక్కువ. పానా పట్టుకున్న ఆడపిల్ల బొమ్మ మన తాండా అరలో ఉండాల. దీని గురించి వాదన అక్కర్లేదనుకుంటాం.

ఫోన్లో మాట్లాడే రోబో ఉంది కదా, పుస్తకం ఏంటికి అని ఒక తమ్ముడు అడిగినాడు. ఫోన్లోది నిన్ను మెచ్చుకుంటా పోతుంది, పక్కన పదిమంది ఉన్నా నీతో ఒక్కడితోనే మాట్లాడుతుంది. పుస్తకంలో రోబోను పదిమంది ఒకేసారి చూసి కొట్లాడుకోవచ్చు. ఇంతకుమించి ఆ సంగతి ఇప్పుడు వద్దు, అది ఇంకో పెద్ద చర్చ.

ఇంక మొదటి మాట. మన కథలు ఏవి అని.

నిజమే, లేవు. కానీ మన కథలు అంటే ఏవి? యంత్రంతో దోస్తీ తెలుగోళ్ళకు కొత్తేం కాదు. కీలుగుర్రం ఎక్కి ఎగిరిపోయే కథ ఎంత పాతదో, 1949లోనే అక్కినేనితో సినిమా కూడా వచ్చింది. విక్రమార్కుడి సింహాసనం మెట్ల మీద బొమ్మలు మాట్లాడతాయి, ఎక్కబోయే రాజును ఆపి ప్రశ్నలు అడుగుతాయి. అవి రాజుల కథలు. మన సుగాలీలకు మాత్రం యంత్రం దోస్తు కాదు. మన ముత్తాతల ముత్తాతలు ఎద్దుల మంద మీద ఉప్పు, ధాన్యం వేసుకొని ఊరూరూ దేశం దేశం తిరిగినోళ్ళు. ఎద్దు వాళ్ళకు బండి కాదు, ఇంటి మనిషి. 19వ శతాబ్దంలో రైలు వచ్చింది. మన పక్కనే గుంతకల్లు, ఎన్ని లైన్లు కలుస్తాయో మనకు తెలుసు. రైలు ఉప్పును మనకంటే వేగంగా, మనకంటే అగ్గువగా మోసింది. రోడ్డు పడింది. ఎద్దుల మందకు పని పోయింది. తాండాలు యాడ వీలైతే ఆడ, ఎక్కువగా రాళ్ళ నేలల్లో కుదురుకున్నాయి. కాబట్టి మన పెద్దోళ్ళు ఎవరైనా యంత్రం కథ మాకొద్దు అంటే, దాని వెనక ఒక లెక్క ఉంది. తెలివితక్కువతనం కాదు అది.

మా అభిప్రాయం ఏమంటే, ఆ లెక్క ఉంది కాబట్టే మనం రోబో కథ రాయాల. మనల్ని అడగకుండా వచ్చిన యంత్రాలే మనకు తెలుసు. ఒక్క కథలోనైనా యంత్రం మన తాండాకు వచ్చి, ఎండలో నిలబడి, ఇదేమి అని మనల్ని అడగనీ. మన పిల్లోడు దానికి పాణి అంటే ఏందో, బాటి అంటే ఏందో చెప్పనీ. మన బోలీ రాని బయటివాళ్ళను మనం కోర్ అంటాం. రోబో కంటే పెద్ద కోర్ ఎవరున్నారు? దానికి మన బోలీ నేర్పే కథ ఒకటి ఉంటే, మన బోలీ కూడా నేర్చుకోదగ్గ భాషే అని పిల్లోడికి ఎవరూ ఉపన్యాసం చెప్పాల్సిన పని ఉండదు. సేవాలాల్ మహారాజ్ కథ కూడా రాద్దాం, మన గుత్తి దగ్గరి సేవాగఢ్ అది, రాయకుండా ఎట్ల ఉంటాం. కానీ ఆ కథలో పెద్దతనం ఉంటుంది, భక్తి ఉంటుంది, పిల్లోడు చేతులు కట్టుకొని వింటాడు. రోబో కథలో పిల్లోడు నవ్వుతా సవరిస్తాడు. కొత్తగా చదివేవాడికి రెండూ కావాల. ఒకదాన్ని పెట్టడానికి ఇంకోదాన్ని తీసేయక్కర్లేదు.

చేసేకి దారి కూడా ఉంది. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ అనే వేదిక 2015 నుంచి నడుస్తోంది. అందులో పిల్లల కథలు మెట్ల ప్రకారం ఉంటాయి. మొదటి మెట్టు అంటే 250 మాటల లోపు, రెండో మెట్టు 600 దాకా. తెలుగువి చాలా ఉన్నాయి. అనుమతి కోసం తిరగకుండా మనమే వేరే భాషలోకి మార్చుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు, గీసినోళ్ళ పేరు, రాసినోళ్ళ పేరు వేస్తే చాలు. సికింద్రాబాద్‌లో మంచి పుస్తకం వాళ్ళు చిన్న పిల్లోళ్ళకు తెలుగులో తక్కువ ధరకు బొమ్మల పుస్తకాలు వేస్తాంటారు, చందాలో ఎక్కువ భాగం ఆడికి పోవాల అని మా మాట. బయట దేశం పుస్తకాలు ఖరీదు, ఒక్కో ప్రతి కొని తాండా తాండాకు తిప్పుకుందాం. మాటల్లేనివే కొందాం, భాష సమస్య రాదు.

మనం రాసే కథ సంగతి. ఎనిమిది పేజీలు అనుకున్నాం. ఒక పక్క గోర్ బోలీ, ఒక పక్క తెలుగు, మన బడి పుస్తకాల్లో తెలుగూ ఇంగ్లీషూ ఎదురెదురుగా ఉన్నట్టే. లిపి తెలుగే. మహారాష్ట్రలోని మనోళ్ళు దేవనాగరిలో రాస్తారు, కర్ణాటకలో కన్నడంలో రాస్తారు. మనకు తెలుగు అక్షరమే చేతికి వచ్చింది, పిల్లోడు బడిలో నేర్చేది కూడా అదే కాబట్టి ఒకే కష్టానికి రెండు చదువులు. కుర్రులో కూడా ఎరుకల తమ్ముళ్ళు ముందుకొస్తే అవే బొమ్మలకు ఇంకో ప్రతి చేయొచ్చు. చెంచు గూడేల నుంచి వచ్చి చదువుకునే వాళ్ళు చెప్పాల, వాళ్ళ తెలుగులో వేయాలా, వేరే కథ కావాలా అని.

కథలో రోబో నూనె డబ్బాతో చేసినట్టు ఉంటుంది, వేపచెట్టు కింద పిల్లోళ్ళు వాళ్ళే అట్ల గీసి చూపించినారు. సుగ్గికి పోయే లారీలోంచి జారి పడుతుందా, రైలులోంచి పడుతుందా అనేది తేలలేదు. ఆ మిరపకాయల మాట అన్న పిల్లోడు చెప్పినట్టు రోబోను మిరపకోతకు పంపాలా వద్దా అనేదాని మీద మూడు రాత్రులు కొట్లాడినాం. పంపితే అది మళ్ళీ వెట్టే. పంపకపోతే వాడి యాడి ఇంటికాడ ఎట్ల ఉంటుంది? ఇప్పటికి మాకు తోచింది ఏమంటే, రోబో చేలోకి పోతుంది, కాయ పట్టుకోవడం రాదు, అన్నీ నలిపేస్తుంది, అప్పుడు యాడి దానికి నేర్పుతుంది. యాడికి కూడా ఒకరికి నేర్పే కుర్చీ దొరుకుతుంది. ఇంతకన్నా మంచి దారి ఎవరికైనా తోస్తే చెప్పండి.

ఇంకో చిక్కు: రోబో ఆమెను యాడి అని పిలవాలా, ఏమని పిలవాల? మాలో ఇద్దరు యాడి అనే అంటారు. మిగతావాళ్ళు, అప్పుడే వద్దు, చివరి పేజీ దాకా పేరు పెట్టి పిలవనీ అంటారు.

బొమ్మలు వేసేవాళ్ళు మాకు కావాల. పెన్సిల్‌తో వేసినా చాలు, ఫోటో తీసి పంపండి. మీ తాండా అవ్వల కాడ ఇనుము, తుప్పు, మేకు, జ్ఞాపకం ఈ నాలుగింటికి బోలీలో ఏమంటారో కూడా అడిగి రాయండి, మాకు తలా ఒక మాట వస్తాంది. దీపావళి లోపల ప్రింటు కావాల. ఆ తర్వాతైతే చదివే పిల్లోళ్ళు సగం మంది ఊర్లో ఉండరు.